ఓర్వకల్లు చిప్పుల ఫ్యాక్టరీ: వాసన చెప్పని గ్యాసు సంగతి

మంత్రాలయం: "ఏమప్పా, ఓర్వకల్లుకాడ కంప్యూటరు చిప్పుల ఫ్యాక్టరీ వస్తాదంట. దాంట్లో ఏందో విషపు గ్యాసు వాడతారంట గదా. మా పిల్లోడు ఐటీఐ చదివినాడు, అండ్లోకి పంపొచ్చునా, కూడదా?" బస్టాండు దగ్గరి టీకొట్టులో ఒక పెద్దాయన వేసిన ప్రశ్న ఇది. పక్కనున్న వాళ్లలో ఒకరు భోపాల్ అన్నారు. ఇంకొకరు విశాఖపట్నం అన్నారు. పెద్దాయన అడిగిన దానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ జవాబు వెతుకుదామని ఈ నాలుగు ముక్కలు.

కర్నూలు జిల్లా ఓర్వకల్లు పారిశ్రామిక కేంద్రంలో సుమారు 14 వేల కోట్ల రూపాయలతో చిప్పుల కర్మాగారం పెట్టేందుకు ఇండిచిప్ సెమీకండక్టర్స్ అనే సంస్థ, జపానుకు చెందిన భాగస్వామితో కలిసి 2025 ఆరంభంలో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. తయారు చేయదలచింది సిలికాన్ కార్బైడ్ చిప్పులు. పేరు కొత్తగా ఉన్నా ఆ పదార్థం మనకు కొత్తది కాదు. కత్తులకు, కొడవళ్లకు సానపట్టే చక్రంలో ఉండే గరుకు పొడి అదే. దాన్నే అతి శుద్ధంగా పలుచని బిళ్లలుగా కోసి, వాటిమీద చిప్పులు చెక్కుతారు. కరెంటు కార్లలోను, సోలారు ఇన్వర్టర్లలోను ఇవి వాడకంలో ఉన్నాయి.

ఓర్వకల్లు మనకు రోడ్డున నూరు కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి గాలి ఇక్కడికి వస్తుందని ఎవరూ భయపడనక్కర లేదు. అక్కడికి పోయేది మన మనుషులు. మంత్రాలయం, కోసిగి, పెద్దకడబూరు మండలాల నుంచి ఏటా పత్తి, మిరప కాలంలో గుంటూరు వైపు, తెలంగాణ వైపు, బెంగుళూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే వలసపోవడం అందరూ ఎరిగినదే. జిల్లాలోనే పని దొరుకుతుందంటే ముందుగా బయలుదేరేది వీళ్లే. పెద్ద ఫ్యాక్టరీల్లో సిలిండర్లు దించడం, తొట్లు కడగడం, బురద ఎత్తిపోయడం వంటి పనులు తరచుగా కాంట్రాక్టు కూలీల వంతు అవుతాయి. కనుక గ్యాసు సంగతి ఇంజనీర్లకంటే ముందు వీళ్లకు తెలియాలి.

పేరు నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్

చిప్పుల కర్మాగారాల్లో వాడే గ్యాసులు ఒకటీ రెండూ కావు. వాటిలో ఫ్లోరిన్ కలిసిన గ్యాసులు ఒక ముఖ్యమైన తెగ. ఆ తెగలో ఇవాళ ప్రపంచమంతటా వాడకంలో ముందున్నది నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్. మనం పీల్చే గాలిలో నాలుగింట మూడు పాళ్లకు పైగా ఉండే నత్రజనికి మూడు ఫ్లోరిన్ అణువులు తగిలిస్తే వచ్చే పదార్థం ఇది. ఆటో రఫ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1928లో దీన్ని మొదటిసారి తయారుచేశాడు. రంగు లేదు. గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. నీళ్లలో సరిగా కరగదు. సున్నాకు దిగువన 129 డిగ్రీల చలిలోగాని ద్రవం కాదు.

దీనితో పనేమిటంటే, చిప్పుల బిళ్లలను ఒక ఇనుప గదిలో పెట్టి వాటిమీద పొరలు పొరలుగా పదార్థం పరుస్తారు. ఆ పరిచేటప్పుడు బిళ్లమీదే కాక గది గోడలమీద కూడా పొర పేరుకుంటుంది. కట్టెల పొయ్యి ఉన్న వంటింటి గోడలకు మసి పట్టినట్టన్నమాట. ఆ మసి రేణువంత రాలి బిళ్లమీద పడినా చిప్పు పాడవుతుంది. చీపురుతో ఊడ్చే మసి కాదది. అందుకని నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌ను విద్యుత్తుతో చీల్చి లోపలికి పంపుతారు. ఇలా విద్యుత్తుతో వెలిగించిన గ్యాసును ప్లాస్మా అంటారు. మన ఇంటి ట్యూబ్‌లైటులో వెలిగేదీ ఒక తరహా ప్లాస్మానే. అందులోంచి విడివడిన ఫ్లోరిన్ ఆకలిగొన్న పులి వంటిది. గోడమీది సిలికాన్‌ను పట్టుకుని గ్యాసుగా మార్చి లాక్కుపోతుంది. సానరాయంత గట్టి పదార్థాన్ని చెక్కడానికి కూడా ఫ్లోరిన్ ప్లాస్మాయే సాధనం. మామూలు యాసిడ్లు దానిమీద పనిచేయవు.

అంటే ఈ గ్యాసు చేసే మేలూ, కీడూ ఒకే చోట పుడుతున్నాయి. సిలిండరులో ఉన్నంతసేపు ఫ్లోరిన్ కట్టేసిన పశువులా నెమ్మదిగా ఉంటుంది. కట్టు తెంచితేనే పని జరుగుతుంది, అప్పుడే ప్రమాదమూ మొదలవుతుంది.

ముక్కును నమ్మరాదు

2020 జూన్ 27న నంద్యాలలో ఒక ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకై ఒకరు చనిపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అమ్మోనియా ప్రమాదకరమైనదే కాని దానిలో ఒక సుగుణం ఉంది. ఘాటు ముక్కుకు కొట్టి, కళ్లు మండించి, మనిషిని పరుగెత్తిస్తుంది. నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌కు ఆ గుణం లేదు. శుద్ధమైన గ్యాసుకు వాసన లేనట్టే. ఉన్నచోట కూడా ముగ్గిన గుడ్డ వాసన వంటిది తగులుతుందని, అది తగిలేసరికే మోతాదు మించి ఉంటుందని రక్షణ గ్రంథాలు హెచ్చరిస్తాయి.

పని జరిగే చోట గాలిలో లక్ష పాళ్లకు ఒక పాలు మించి ఇది ఉండరాదని అమెరికా కార్మిక రక్షణ శాఖ హద్దు పెట్టింది. వెయ్యి పాళ్లకు ఒక పాలు చేరితే ప్రాణానికే ముప్పు. అంత సూక్ష్మమైన లెక్క మనిషి ముక్కు కట్టలేదు. గోడకు బిగించిన యంత్రమే కనిపెట్టాలి, గంట మోగించాలి. కాబట్టి ఇటువంటి చోట పనికి చేరే కుర్రవాడు మొదట అడిగి తెలుసుకోవలసింది జీతం కాదు, ఆ గంట ఎక్కడ ఉంది, నెలకెన్నిసార్లు దాన్ని పరీక్షిస్తారు అన్నది. జీతం అడగవద్దని కాదు, దాని తర్వాత అడగవచ్చు.

పీల్చితే ఇది చేసే హాని నెత్తురుకు. నెత్తురులో ప్రాణవాయువును మోసుకుపోయే ఎర్రని పదార్థం హిమోగ్లోబిన్. ఈ గ్యాసు దాన్ని మార్చివేస్తుంది. మారిన హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయలేదు. మనిషి ఊపిరి తీస్తూనే ఉంటాడు, గాలి లోపలికి పోతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం అందదు. పెదవులు, గోళ్లు నీలిరంగుకు తిరుగుతాయి. తలనొప్పి, కళ్లు తిరగడం, ఆయాసం వస్తాయి. సూదితో తీసిన నెత్తురు ఎర్రగా కాక గోధుమరంగులో కనబడుతుంది. దీనికి మందు ఉంది. మిథిలీన్ బ్లూ అనే నీలిమందును డాక్టరు సూదిగా ఇస్తాడు. ఏ గ్యాసు పీల్చాడో డాక్టరుకు తెలిస్తేనే ఆ మందు గుర్తుకొచ్చేది. ఎండదెబ్బ అనుకుని సెలైను ఎక్కించి కూర్చుంటే పొద్దుపోతుంది.

ఇక మంట. ఈ గ్యాసు తనంత తాను అంటుకోదు, కాని ప్రాణవాయువు లాగే ఇతర వస్తువులు మండడానికి ఊతమిస్తుంది. వేడి పెరిగే కొద్దీ దాని ఉధృతం పెరుగుతుంది. వెల్డింగు షాపుల వాళ్లకు ఒక నియమం తెలుసు. ఆక్సిజన్ సిలిండరు వాల్వుకు గ్రీజు గాని, నూనె చేయి గాని తగలనివ్వరు. ఇక్కడా అదే నియమం, ఇంకా గట్టిగా. వాల్వు ఒక్క ఉదుటున తిప్పితే గ్యాసు ఒత్తిడికి కొనదగ్గర వేడి పుడుతుంది. అక్కడ చమురు మరక ఉంటే చాలు, లోహం సైతం అంటుకున్న ఉదంతాలున్నాయి. నిదానంగా తిప్పడం, శుభ్రమైన చేతితొడుగు వేసుకోవడం చిన్న విషయాలుగా కనబడవచ్చు. ప్రాణాలు నిలిపేవి అవే.

పాతబావి లాంతరు

బరువైన గ్యాసు పల్లానికి దిగుతుంది. మన సీమలో పాతబావి పూడిక తీసేముందు లాంతరు దించి చూడడం పెద్దల అలవాటు. దీపం ఆరితే మనిషి దిగడు. ఆ తెలివి ఎందరి ప్రాణాలో కాపాడింది. కాని ఈ గ్యాసు దగ్గర ఆ పరీక్ష పనికిరాదు. ఇది మంటను ఆర్పే రకం కాదు, ఎగదోసే రకం. దీపం వెలుగుతోంది గదా అని దిగితే దీపమే ముప్పు తెస్తుంది. ఫ్యాక్టరీ గోతుల్లోకి, కాలువల్లోకి దిగేముందు మీటరు పెట్టి గాలి చూడాలి, పైన ఒక మనిషి తాడు పట్టుకుని నిలవాలి. లోపల ఒకడు పడిపోయాడని రెండోవాడు, వాడిని తీయబోయి మూడోవాడు దిగడం మన పల్లెల్లో బావుల దగ్గర ఎన్నిసార్లు విన్నామో! పడిపోయినవాడిని బయటికి తీయవలసింది గాలి సంచీ తగిలించుకున్న మనిషి మాత్రమే.

దీనికి దగ్గరి చుట్టం ఒకటి ఇప్పటికే మన మధ్య ఉంది. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్. 132 కేవీ, 220 కేవీ సబ్‌స్టేషన్లలో పెద్ద బ్రేకర్ల లోపల నిప్పురవ్వను ఆర్పడానికి నింపేది ఇదే. చిప్పులు చెక్కడానికి కూడా వాడతారు. గాలికి అయిదు రెట్లు బరువు. విషం కాదు కాని గోతిలో చేరితే ఊపిరాడనివ్వదు. బ్రేకరు లోపల మెరుపులు తగిలి తగిలి అది కొంత విరిగి, తెల్లని పొడిగా, ఘాటైన విష వాయువులుగా మారుతుంది. పాత బ్రేకరును తుక్కుకింద కొనే వ్యాపారులు దాన్ని సుత్తితో పగలగొట్టడం క్షేమం కాదు.

ఫ్లోరిన్ ఏమవుతుంది?

గోడల మసిని తినేసిన ఫ్లోరిన్ అంతటితో మాయం కాదు. తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారుతుంది. గాజును కొరికే యాసిడ్ ఇదే. ఒంటిమీద పడితే మొదట పెద్దగా మంట తెలియకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత లోపల ఎముకదాకా నొప్పి మొదలవుతుంది. వెంటనే ధారగా నీళ్లతో కడిగి, క్యాల్షియం గ్లూకోనేట్ పూత రాసి ఆసుపత్రికి చేర్చాలి. ఆ పూత పని జరిగే చోటనే అందుబాటులో ఉండాలి. ఆఫీసు బీరువాలో తాళం వేసి ఉంటే ఉన్నా లేనట్టే.

2012 సెప్టెంబరు 27న దక్షిణ కొరియాలో గుమి పట్టణం దగ్గర ఒక రసాయన కర్మాగారంలో ట్యాంకరు నుంచి ఈ పదార్థాన్ని దించుకుంటుండగా లీకైంది. సుమారు 8 టన్నులు గాలిలో కలిసింది. అయిదుగురు పనివాళ్లు చనిపోయారు. తెల్లని మేఘం పక్క పల్లెలమీదికి పోయింది. పైర్లు మాడిపోయాయి, తోటల ఆకులు ఎండి రాలాయి, పశువులు జబ్బుపడ్డాయి, వేలమంది ఆసుపత్రులకు వెళ్లారు. అక్కడి ప్రభుత్వం అక్టోబరు 8న ఆ ప్రాంతాన్ని ప్రత్యేక విపత్తు ప్రాంతంగా ప్రకటించింది. అది చిప్పుల ఫ్యాక్టరీ కాదు. చిప్పులు, టీవీ తెరలు తయారుచేసే పరిశ్రమలున్న ఊళ్లో వాటికి కావలసిన సరుకుల మధ్య జరిగిన ప్రమాదం. పెద్ద ఫ్యాక్టరీ వస్తే దాని చుట్టూ ఇటువంటి చిన్న ఫ్యాక్టరీలు, గిడ్డంగులు కూడా వస్తాయి. జాగ్రత్త పెద్ద గేటు దగ్గరే ఆగిపోకూడదు.

పద్ధతిగా నడిచే కర్మాగారంలో ఫ్లోరిన్ వాయువులను బయటికి వదలరు. మండించి, నీటి జల్లులో కడుగుతారు. అప్పుడు ఫ్లోరిన్ నీళ్లలోకి వస్తుంది. ఫ్లోరైడు నీళ్లంటే మన తెలుగువాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు. ఈ దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును మొదట గుర్తించి 1937లో వైద్య పత్రికకెక్కించింది నాటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. నల్గొండ పేరైతే ఒక చికిత్సకే స్థిరపడిపోయింది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే ఆ పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. వంకర కాళ్లు, గారపళ్లు చూసిన కళ్లు మనవి.

ఫ్యాక్టరీ నీళ్లకూ మొదటి మందు సున్నమే. సున్నంతో ఫ్లోరైడు కలిసి, నీళ్లలో పెద్దగా కరగని తెల్లని బురదగా కిందికి దిగుతుంది. సున్నపురాయికి మన సీమలో కొదవ లేదు గనుక ఖర్చు కూడా తక్కువే. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ బురద "పెద్దగా కరగదు" అన్నామే గాని అసలు కరగదనలేదు. సున్నం ఎంత గుమ్మరించినా మామూలుగా లీటరు నీటిలో 8 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఫ్లోరైడు మిగిలిపోతుంది. తాగే నీటికి మన దేశపు హద్దు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనిచోట ఒకటిన్నర. ఫ్యాక్టరీ నీళ్లు వంకలోకి, వాగులోకి వదలాలంటే కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం 2 మిల్లీగ్రాములు మించరాదు. అంటే సున్నపు తొట్టి ఒక్కటి చూపించి "శుద్ధి చేస్తున్నాం" అంటే సరిపోదు. దాని తర్వాత పటికతోనో, మరో విధంగానో రెండో విడత శుద్ధి ఉండాలి. అడగవలసినవాళ్లు ఈ 8కీ 2కీ మధ్య తేడా పట్టుకుని అడగాలి. ఎండిన బురద ఎక్కడ పోస్తారన్నదీ అడగాలి. గాలికి లేచి పక్క చేలలో గడ్డిమీద పడితే మేసిన పశువుల పళ్లు, కీళ్లు దెబ్బతింటాయి.

ఆకాశంలో అయిదువందల ఏళ్లు

మిగిలిన ముక్క ఒకటుంది. దానికి వాసనా లేదు, బాధితుడూ ఎదురుగా కనబడడు.

విద్యుత్తుతో చీల్చే మంచి యంత్రాల్లో నూటికి 98 పాళ్ల గ్యాసు విరిగిపోతుంది. పూర్వం వాడిన ఫ్లోరిన్ గ్యాసుల్లో సగానికి పైగా అలాగే బయటికి పోయేది గనుక, నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ మేలని కర్మాగారాలు దీనికి మారాయి. మారిన మాట మంచిదే. కాని విరగకుండా తప్పించుకున్న ఆ కొంచెం, తయారీలోను రవాణాలోను జారిపోయిన మరికొంత ఆకాశానికి చేరి భూమి వేడిని పట్టి ఉంచుతుంది. నూరేళ్ల లెక్కన చూస్తే ఒక కిలో నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ సుమారు 17,400 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం. ట్రాక్టరు భాషలో చెప్పాలంటే ఆరున్నర వేల లీటర్ల డీజిలు తగలబెట్టినట్టు. ఒక్క కిలోకే!

పైగా అది త్వరగా పోదు. సగటున 550 ఏళ్లకు పైగా నిలుస్తుందని శాస్త్రజ్ఞుల అంచనా. రాఘవేంద్రస్వామి మంత్రాలయంలో బృందావన ప్రవేశం చేసిన 1671లో ఒక సిలిండరు గ్యాసు గాలిలోకి వదిలి ఉంటే, అందులో సగానికి పైగా నేటికీ మన తలమీదే తిరుగుతూ ఉండేది.

1997 నాటి క్యోటో ఒప్పందంలో ఆరు రకాల వాయువులను అదుపు చేయాలని రాసుకున్నారు. వాటిలో ఇది లేదు. అప్పట్లో వాడకం తక్కువని వదిలేశారు. 2008లో కాలిఫోర్నియాకు చెందిన శాస్త్రజ్ఞులు 1978 నుంచి దాచి ఉంచిన గాలి నమూనాలను తీసి కొలిచారు. 2006 నాటికి ఆకాశంలో ఇది 1,200 టన్నులు కూడా ఉండదని అంతవరకూ అనుకుంటున్నారు. తీరా కొలిస్తే 4,200 టన్నులు తేలింది. 2008కి అది 5,400 టన్నులు. కాగితంమీద లెక్క ఒకటి, గాలిలో ఉన్నది దానికి మూడింతలకు పైన! ఆ తర్వాతే, 2012 డిసెంబరులో దోహాలో జరిగిన సమావేశంలో దీన్ని ఏడో వాయువుగా జాబితాలో చేర్చారు. కంపెనీ రిజిస్టరులో రాసింది ఒకటైతే గాలి చెప్పేది మరొకటి కావచ్చునన్న పాఠం మన జిల్లా అధికారులకూ పనికివస్తుంది. వర్షం ఒక పదును తప్పితే పల్లె ఖాళీ అయ్యే ఈ నేలమీద, ఆకాశం వేడెక్కడం దూరపు సంగతి ఏమీ కాదు.

అడిగే హక్కు

టీకొట్టు పెద్దాయనకు జవాబు చెప్పాలి గదా. పిల్లవాణ్ణి పంపవచ్చు. కొన్ని సంగతులు తెలుసుకుని పంపాలి. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ఒక నిబంధన చేర్చారు. ప్రమాదకరమైన పనులు జరిగే కర్మాగారం తాను వాడే పదార్థాల వల్ల కలిగే కీడు, దానికి విరుగుడు ఏమిటో తన కార్మికులకే కాదు, స్థానిక సంస్థకూ, చుట్టుపక్కల ప్రజలకూ చెప్పి తీరాలి. ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనూ ఈ బాధ్యత కొనసాగింది. ఈ హక్కును ఎన్ని పంచాయతీలు వాడుకున్నాయన్నది వేరే ప్రశ్న. గ్రామసభ ఒక కాగితం రాసి, ఏయే గ్యాసులు నిల్వ చేస్తారు, వాటిని పసిగట్టే యంత్రాలెన్ని, ఫ్లోరైడు నీళ్లను ఎన్ని విడతలు శుద్ధి చేస్తారు, ప్రమాదం జరిగితే ఊళ్లో మోగే సైరను ఏది, ఏ ఆసుపత్రిలో మిథిలీన్ బ్లూ, క్యాల్షియం గ్లూకోనేట్ సిద్ధంగా ఉంటాయి అని అడగవచ్చు. జవాబు తెలుగులో ఇమ్మని కూడా అడగవచ్చు. కాంట్రాక్టు కూలీకి ఇంగ్లీషు బోర్డు చూపించి బాధ్యత తీరిందనుకోవడం సరి కాదు.

ఫ్యాక్టరీలో పనిచేయనివాళ్లకు కూడా ఒక మాట. గ్యాసు సిలిండర్లు రోడ్డుమీదే రావాలి. ఓర్వకల్లు మీదుగా పోయేది కర్నూలు, చిత్తూరు జాతీయ రహదారి. ప్రమాదకర సరుకు మోసే లారీలమీద, సిలిండర్లమీద నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. ప్రపంచమంతటా ఒకే సంఖ్య. నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌కు 2451. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌కు 1080. నీళ్లు కలపని హైడ్రోజన్ ఫ్లోరైడ్‌కు 1052. అటువంటి లారీ బోల్తాపడి కనిపిస్తే దగ్గరికి పోకుండా, గాలి వీచే వైపు నిలబడకుండా, ఎత్తైన చోటికి జరిగి 108కు గాని, ఫైరు స్టేషనుకు గాని ఫోను చేసేటప్పుడు ముందుగా చెప్పవలసింది ఆ నాలుగు అంకెలు.